గుర్రం కట్టీసుంది

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుర్చీ లేదు, గడియారం లేదు, ఉన్న ఒక్క అద్దానికీ ఓ మూల విరిగిపోయి ఉండేది. కానీ తుపాకీ మాత్రం ఉండేది. జోడు గొట్టాల తుపాకీ. ఈ మాట చెబితే నా మనవలు నేనేదో జమీందారుల ఇంట్లో పుట్టాననుకుని కళ్లు పెద్దవి చేస్తారు. వాళ్లకి అప్పటి ఏక్‌బాల్‌పూర్ సందు తెలీదు. ఒక కుళాయి చుట్టూ అన్ని ఇళ్లు, ఇంటికో భాష, పొద్దున్నే నీళ్ల దగ్గర అన్ని భాషల్లోనూ తగువు. అందులో తెలుగు తగువు మాది.

తుపాకీ మా తాతయ్యది, అంటే మా అమ్మ తండ్రిది. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున పుట్టి, పటాలంలో చేరి, యుద్ధం అయిపోయాక ఊరికి తిరిగి వెళ్లకుండా కలకత్తాలో ఆగిపోయిన మనిషి. ఖిదిర్‌పూర్ రేవు దగ్గర ఒక సేటు గారి జనపనార గోదాముకి కాపలా కాసేవాడు. మేమంతా దాన్ని గుదాం అనేవాళ్లం. లైసెన్సు ఉన్న సొంత తుపాకీ చేతిలో ఉంది కాబట్టే ఆయనకి ఆ కొలువు. కర్రలు పట్టుకున్న దర్వాన్లు ఆయన కనపడగానే బెంచీ మీద చోటిచ్చేవారు. సందులో బెంగాలీ పిల్లలు ఆయన్ని 'బందూక్ దాదు' అని పిలిచేవారు. దాదు అంటే వాళ్ల భాషలో తాతే. ఆ బందూక్ దాదు మా సొంత తాత అని నేను కాస్త మెడ ఎత్తుకునే తిరిగేదాన్ని.

మా అమ్మా నాన్నా ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవారు. చెల్లి పుట్టినప్పుడు నన్ను కొన్నాళ్ల కోసమని అమ్మమ్మ దగ్గరికి పంపించారు. ఆ కొన్నాళ్లు నా పెళ్లి దాకా సాగాయి. ఎవరూ నన్ను వెనక్కి రమ్మని గట్టిగా అడగలేదు, నేనూ వెళ్తానని అనలేదు. అమ్మమ్మ, తాతయ్య, పెళ్లి కావలసిన చిన్నమావయ్య, నేను. ఇదీ ఆ ఒంటిగది ఇంట్లో జనాభా.

నేను వచ్చిన కొత్తలో తాతయ్య డ్యూటీ దిగి గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన భుజం మీద ఆ పొడుగాటి ఇనుము చూసి ఏడుపు లంకించుకున్నానట. సందంతా వచ్చి గుమ్మంలో నిలబడిందట. అమ్మమ్మ ఎత్తుకుంది, మావయ్య బెల్లం ముక్క పెట్టాడు, నేను మాత్రం మానలేదు. అప్పుడు తాతయ్య ఒక ఉపాయం చేశాడు. గుదాంలో ఆయనతో పనిచేసే బీహారు దర్వాన్లు తుపాకీ లోపల తూటాని తన్నే ముక్కని ఘోడా అంటారు. ఘోడా అంటే గుర్రం. తాతయ్య ఆ మాటని తెలుగులోకి తెచ్చేసుకుని గుర్రం అనేవాడు. తుపాకీ మెడ మీద ఒక చిన్న మీట ఉంటుంది. బొటనవేలితో దాన్ని వెనక్కి జరిపితే ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది, ఎంత లాగినా కదలదు. తాతయ్య నా ముందు గొంతుకూర్చుని ఆ మీటని జరిపి చూపించి, "ఇదిగోనమ్మా, గుర్రాన్ని కట్టీసినాను. ఇంకెక్కడికీ ఎల్లదు," అన్నాడు. నేను ఏడుపు ఆపేశాను. గుర్రం కట్టేసి ఉంటే ఇంక భయమేముంది?

ఆనాటి నుంచీ అది మా ఇద్దరికీ రోజూ జరిగే తంతు. తాతయ్య గుమ్మంలోకి రాగానే నేను, "తాతా, గుర్రం కట్టీసినావా?" అని అడగాలి. "కట్టీసినానమ్మా," అని ఆయన అనాలి. అన్నాక గానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. నిజానికి ఆయన చేసే అసలు పని అంతకు ముందే అయిపోయేది. గుమ్మం బయటే, మనుషులెవరూ లేని గోడ వైపు తిరిగి, తుపాకీ నడుము విరిచి, రెండు తూటాలూ లాగి జేబులో వేసుకునేవాడు. ఖాళీ గొట్టాల్లోంచి వెలుతురు చూసేవాడు, మళ్లీ వేలు పెట్టి తడిమేవాడు. తూటాలు అటక మీద బిస్కట్ల డబ్బాలోకి, తుపాకీ మంచం కింద చెక్కపెట్టెలోకి. ఈ రెండూ ఎప్పుడూ ఒకచోట ఉండేవి కావు. ఇదంతా ఆయన మాట్లాడకుండా చేసేవాడు. మీట జరపడం ఒక్కటే పైకి చెప్పి చేసేవాడు, అదీ నా కోసం. మేం ఆయన మాట విన్నాం గానీ ఆయన చేతుల్ని చూడలేదు.

మాట మాత్రం ఇల్లంతా పాకిపోయింది. పాలగిన్నె మీద మూత పెట్టి దాని మీద రుబ్బురాయి పొత్రం పెట్టి అమ్మమ్మ, గుర్రం కట్టీసినాను, ఇప్పుడు రమ్మను పిల్లిని అనేది. రాత్రి పడుకునే ముందు తలుపు గడియ వేశావా అని అడగడానికి కూడా అదే మాట. చిన్నమావయ్యకి సంబంధం కుదిరినప్పుడు కుళాయి దగ్గర మన వాళ్లంతా గుర్రాన్ని కట్టీసినారర్రా అని ఆయన్ని ఏడిపించుకు తిన్నారు. ఆయనకేమో లోపల సంతోషమే, పైకి మాత్రం చిరాకు పడ్డట్టు జుట్టు దువ్వుకుంటూ వెళ్లిపోయేవాడు.

మా చిన్నమావయ్య గురించి చెప్పాలి. అంత అందగాడు మా సందులో ఇంకొకడు లేడు. బిగుతు పేంట్లు, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, బెంగాలీ వాళ్లకన్నా బాగా బెంగాలీ. బంతి ఆడితే మైదానం చుట్టూ జనం పోగయ్యేవారు. ఏ పనైనా ఒకసారి చూస్తే పట్టేసేవాడు. పట్టేశాక రెండోసారి చూసేవాడు కాదు. నేనంటే ప్రాణం పెట్టేవాడు. నన్ను అమ్మలూ అనేవాడు, ఖిదిర్‌పూర్ బజారు నుంచి ఎప్పుడూ ఉత్తి చేతుల్తో వచ్చేవాడు కాదు, ఒక రిబ్బనో ఒక జామపండో జేబులో ఉండేది.

ఆ ఏడు తాతయ్య రెండు కళ్లలోనూ పొర కమ్ముకొచ్చింది. పొద్దు వాలితే గేటు దగ్గరికి వచ్చింది లారీయో ఎడ్లబండో ఆయనకి ఆనేది కాదు. ఎన్నాళ్లని దాచిపెడతాడు? తనే వెళ్లి సేటుకి చెప్పేశాడు. సేటు మంచివాడే, కొడుకుని తీసుకురా, పని తెలిసినవాడైతే నీ చోట్లో పెట్టుకుంటాను అన్నాడు. లైసెన్సు మావయ్య పేరు మీదకి మార్చడానికి తాతయ్య ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అదీ సాధించాడు. సోమవారం పొద్దున్న మావయ్య తుపాకీతో వెళ్లి సేటు ముందు నిలబడాలి. ఆ కొలువు దొరికితే ఇల్లు నిలబడుతుంది, పెళ్లి జరుగుతుంది. పెళ్లికూతురి తండ్రి బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లులో పనిచేసేవాడు. కొలువు చేతికొచ్చాకే ముహూర్తం మాట అని ఆయన మర్యాదగానే, కానీ తేల్చి చెప్పి ఉన్నాడు. అందుకని ఆ సోమవారం కోసం మా ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. అమ్మమ్మ ఆదివారం ప్రార్థనలో వేరే విషయం తేవడమే మానేసింది.

ఆ ముందు శనివారం. మధ్యాహ్నం అన్నాలయ్యాక తాతయ్య కంటిలో మందు వేయించుకోవడానికి వెళ్లాడు, అమ్మమ్మ కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. చిన్నమావయ్య చెక్కపెట్టె బయటికి లాగాడు. సేటు అడిగితే చకచకా తూటాలు పెట్టి తీసి చూపించాలి కదా, అందుకని అలవాటు చేసుకుంటున్నాడు. అటక మీది డబ్బా కూడా దింపాడు. పెట్టడం, మూయడం, విరవడం, తీయడం. ఎర్ర కాగితం చుట్టిన ఆ తూటాలు ఆయన వేళ్ల మధ్య ఎంత ముద్దుగా తిరిగేవో. నేను నేల మీద కూర్చుని చూస్తున్నాను. ఆఖరిసారి తూటాలు పెట్టి, మూసి, మీట వెనక్కి జరిపి, తుపాకీని మంచం మీద పడుకోబెట్టి అద్దం దగ్గరికి వెళ్లాడు. తుపాకీతో నిలబడితే ఎలా ఉంటానో చూసుకోవాలంటే ముందు జుట్టు సరిగ్గా ఉండాలి కదా.

మంచం పొట్టిది, తుపాకీ పొడుగుది. గొట్టాల చివర జానెడు మేర మంచం దాటి బయటికి వచ్చింది. నా రిబ్బన్లు రెండూ ఉతికి చేత్తో పట్టుకుని ఉన్నాను, ఎక్కడ ఆరేద్దామా అని. ఇంట్లో దండెం మీద ఎప్పుడూ చోటుండేది కాదు. గొట్టం చివర నున్నగా, నల్లగా, నా చేతికి అందే ఎత్తులో కనపడింది. రిబ్బన్లు దాని మీద వేశాను. జారిపోకుండా ముడి కూడా వేశాను. వేసి, వాటి కిందే గోడకి ఆనుకుని కూర్చుని చింతపిక్కలు ఆడుకోవడం మొదలుపెట్టాను. తల ఎత్తితే రిబ్బన్ల మధ్య నుంచి రెండు గుండ్రటి చీకటి చుక్కలు కనపడేవి. ఆ చుక్కలు నన్నే చూస్తున్నాయన్న ఆలోచన నాకు రాలేదు.

తాతయ్య ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. తల ఎత్తేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక కంటికి దూది కట్టి ఉంది. రెండో కంటితో ఆయనకి ఎంత కనపడిందో గానీ కనపడవలసింది కనపడింది. కేక వేయలేదు. ఆయన కేక వేసి ఉంటే అద్దం దగ్గర మావయ్య ఉలిక్కిపడి తుపాకీ మీదకి వచ్చేవాడేమో, అందుకే వేయలేదని ఇప్పుడు అనుకుంటాను. మెల్లగా, ఎప్పుడూ నన్ను అన్నానికి పిలిచే గొంతుతో, "అమ్మలూ, లెగవకు. అలాగే కూకుని పక్కకి జరుగు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "భయం నేదు తాతా. గుర్రం కట్టీసుంది," అన్నాను.

ఆ మాటకి తాతయ్య మొహం ఎలా అయిపోయిందో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది. చిన్నమావయ్య అద్దం దగ్గర నుంచి తిరిగి, అవునయ్యా, కట్టీసే ఉంది, సూడు అంటూ మీట చూపించబోయాడు. తాతయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నేను గోడ వారగా గుమ్మం దాకా జరిగాక, మంచం పక్క నుంచి వచ్చి తుపాకీ అందుకుని, గొట్టాలు కప్పు వైపు తిప్పి, నడుము విరిచాడు. రెండు తూటాలూ ఆయన అరచేతిలో పడ్డాయి. నా రిబ్బన్లు ఇంకా గొట్టాలకి వేలాడుతూనే ఉన్నాయి. ఒంటి కంటితో ఆ ముడి విప్పడం ఆయనకి చాతకాలేదు. అమ్మమ్మ వచ్చి విప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. తిడితే బాగుండునని నాకే అనిపించింది. తాతయ్య మంచం మీద కూర్చుని నన్ను దగ్గరికి తీసుకుని తల నిమురుతూనే ఉన్నాడు. మావయ్య మాత్రం గుమ్మంలో నిలబడి, మీట వేసే ఉందని, తను మరిచిపోలేదని, సరిగ్గానే వేశానని తండ్రికి పదే పదే చెప్పుకున్నాడు. ఆయన చెప్పింది నిజమే. మీట వేసే ఉంది.

మర్నాడు ఆదివారం. చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోయింది. తాతయ్య మావయ్యనీ నన్నూ వెంటబెట్టుకుని ఖిదిర్‌పూర్ కూడలి వైపు నడిపించాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. అప్పట్లో అక్కడ ట్రాములు తిరిగే రోడ్డు పక్కన గుర్రబ్బళ్లు ఆగేవి. బళ్లు విప్పేసిన గుర్రాల్ని ఇనప కమ్మీకి కట్టి, మూతికి గడ్డి సంచులు తగిలించేవారు. ఆ చోటు దూరం నుంచే తెలిసిపోయేది, అంత కంపు. తాతయ్య ఒక గోధుమరంగు గుర్రం ముందు ఆగాడు. బలంగా ఉంది, తోకతో ఈగల్ని కొట్టుకుంటోంది. తాడు రెండు మూడు చుట్లు చుట్టి గట్టిగా కట్టి ఉంది.

తాతయ్య మావయ్యతో దాని వెనక్కి వెళ్లి నిలబడమన్నాడు. మావయ్య నవ్వాడు. తాతయ్య మళ్లీ చెప్పాడు. మావయ్య నవ్వు ఆపి, ఎందుకయ్యా, తంతాది కదా అన్నాడు.

"కట్టీసుంది కదరా," అన్నాడు తాతయ్య.

ఇదంతా వింటున్న ముసలి బండివాడు హిందీలో, కట్టేసిన గుర్రమే ఎక్కువ తంతుంది బాబూ, దానికి ఎటూ పోవడానికి ఉండదు కదా, వెనక్కి మాత్రం వెళ్లకండి అని నెమ్మదిగా చెప్పాడు. మావయ్య చూపు గుర్రం వెనక కాళ్ల మీద ఆగిపోయింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను మాత్రం బండివాడి గెడ్డం చూస్తూ, ఇంటికి వెళ్లే దారిలో ఏం కొనిపెడతారా అని ఆలోచిస్తున్నాను. ఆ రోజు ఎవరూ ఏమీ కొనిపెట్టలేదు.

ఇంటికొచ్చాక తాతయ్య మమ్మల్నందర్నీ పెరట్లోకి పిలిచాడు. తుపాకీ తెచ్చి, విరిచి, ఖాళీ గొట్టాలు ముందు తను చూసి, తర్వాత మావయ్యకీ అమ్మమ్మకీ చూపించాడు. నాకు కూడా చూపించి వేలు పెట్టి తడమమన్నాడు. ఖాళీ అని నా నోటితో చెప్పించాడు. తుపాకీ మూసి, మీట వెనక్కి జరిపాడు. గొట్టాలు ఆకాశం వైపు పెట్టి ట్రిగ్గర్ లాగాడు. ఏమీ కాలేదు. మళ్లీ లాగాడు. ఏమీ కాలేదు. చూశారు కదా, గుర్రం కట్టేసి ఉంది అన్నాడు. మేం తలలు ఊపాం. అప్పుడు తుపాకీని నిలువుగా పట్టుకుని మడమ భాగాన్ని బట్టలుతుకే బండ మీద ఒక్కటి మోదాడు. చెయ్యి జారి తుపాకీ కింద పడితే తగిలే దెబ్బ అంతే ఉంటుంది.

లోపల టిక్కుమంది.

చాలా చిన్న చప్పుడు. పక్కింట్లో ఎవరో పప్పు తిరగమోత వేస్తున్నారు, ఆ చిటపటల్లోనూ వినపడింది. అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాతయ్య వేలు ట్రిగ్గర్ దగ్గర లేదు. మీట వెనక్కే ఉంది, అది ఇసుమంత కూడా కదల్లేదు. అయినా లోపల గుర్రం దూకేసింది. తూటా ఉండి ఉంటే పేలిపోయేదే. పాత తుపాకీ, లోపల గుర్రాన్ని పట్టి ఉంచే కొక్కెం అరిగిపోయిందని, అరగకపోయినా దెబ్బ తగిలితే కొక్కెం జారవచ్చని, ఆ మీటకీ కొక్కేనికీ సంబంధమే లేదని తాతయ్య మావయ్యకి విడమరిచి చెప్పాడు.

"ఈ మీట గుర్రాన్ని కట్టదురా. మన ఏలిని కడతాది, అంతే. మన ఏలు తప్పు సేస్తే ఆపుతాది. ఇంకేటి ఆపనేదు," అన్నాడు.

అందుకే గొట్టం ఎటు చూస్తోందో అదే మొదటి సంగతి అన్నాడు. మీట వేసి ఉన్నా, తూటాలు లేవని తెలిసినా, గొట్టం మనిషి వైపు తిరగకూడదు. ట్రిగ్గర్ మీద వేలు అవసరం వస్తే తప్ప పడకూడదు. ఇంట్లోకి వచ్చే ముందు విరిచి, చూసి, తడిమి, తీసేయాలి. ఇవన్నీ అయ్యాక మీట కూడా వేసుకో, వద్దనను, కానీ దాన్ని నమ్ముకుని ముందువి మానేస్తే అది నీ మీట కాదు, నీ శత్రువు అన్నాడు. ఇవి మావయ్యకి కొత్త మాటలు కావు. నెల రోజులుగా చెబుతున్నవే. కానీ మా అందరికీ అన్నిటికన్నా పైన ఇంకో మాట తెలుసు, ఏళ్ల తరబడి రోజూ విన్న ఆ గుర్రం మాట. మిగిలినవన్నీ దాని కింద పడి మాసిపోయాయి.

తాతయ్య తుపాకీ పక్కన పెట్టి, నన్ను తన ముందు నిలబెట్టుకున్నాడు. "ఆ మాట నాను సెప్పినానమ్మా. నీ ఏడుపు మానిపించడానికి సెప్పినాను. అది తప్పు మాట. గుర్రాన్ని ఎవులూ కట్టనేరు. నన్ను మన్నించు," అన్నాడు.

మన్నించు అనే మాట నేను అంతవరకూ ప్రార్థనలోనే విన్నాను. పెద్దవాళ్లు దేవుడితో అనే మాట అది. పెరట్లో, అందరి ముందూ, అంతటి బందూక్ దాదు, ముక్కు కారుతున్న గుంటతో ఆ మాట అనడం నాకు ఏమీ బాగాలేదు. నేను ఏడ్చేశాను. ఆ ఏడుపు మానిపించడానికి ఆయన ఈసారి ఏ మాటా చెప్పలేదు. మానే దాకా దగ్గర కూర్చున్నాడు.

సోమవారం వచ్చింది. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పెరట్లో తాతయ్య తుపాకీ అందించాడు, ఖాళీదే. మావయ్య అందుకున్నాడు. అందుకున్నవాడు రెండడుగులు వేసి ఆగిపోయాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత గొట్టాలు నేలకి దించి, వెనక్కి వచ్చి, తుపాకీని తండ్రి చేతిలో పెట్టేశాడు.

"అయ్యా, నాను రాను. సేతికి రాగానే నా ఏలు మీట మీదికే ఎల్లింది. గొట్టం ఎటున్నాదో సూడనేదు. అమ్మలు అటే నిలబడుంది," అన్నాడు.

అవును, నేను అటే నిలబడి ఉన్నాను, గడప మీద. ఆయన చెప్పేదాకా నాకూ తెలీలేదు, తాతయ్యకీ కనపడలేదు. ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కొలువు, పెళ్లి, సేటు ముందు తండ్రి మాట, అన్నీ ఆ గుదాం గేటు అవతలే ఉన్నాయి. ఖాళీ తుపాకీ, ఒక్క క్షణం అటు తిరిగింది, అంతే కదా అనుకుని సాగిపోవచ్చు. ఎవరైనా అలాగే సాగిపోతారు. అమ్మమ్మ అదే అంది, ఏడుస్తూ అంది, నేర్చుకుంటాడులే, ఎల్లనియ్యి అని భర్తని బతిమాలింది. తాతయ్య కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. కూకో, టీ తాగు అన్నాడు. ఆ తర్వాత ఒక్కడే గుదాంకి బయల్దేరాడు, చేతిలో తుపాకీ లేకుండా.

సేటు కొన్నాళ్లు ఆగాడు, ఇంకెన్నాళ్లు ఆగుతాడు? సొంత తుపాకీ ఉన్న ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. తుపాకీ ధర్మతలాలో ఒక తుపాకుల కొట్టుకి చేరింది. చిన్నమావయ్య రేవులో ఓడల సరుకు దించే పనికి వెళ్లాడు. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కి, అన్నం ముద్ద పట్టుకోలేకపోతే అమ్మమ్మ కలిపి పెట్టింది. ఆయన ఒక్క రోజు కూడా ఆ సోమవారం మాట ఎత్తలేదు. పెళ్లి దాదాపు ఏడాది వెనక్కి పోయింది. బడ్జ్ బడ్జ్ పిల్ల మాత్రం వేరే సంబంధం వద్దని కూర్చుందట. అత్తయ్య అయి మా ఇంటికి వచ్చాక, మీ తాత తుపాకీ పేలకుండానే నా పెళ్లిని పడగొట్టింది అని నవ్వేది. తాతయ్య కూడా నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా.

ఆ రోజుల్ని తలుచుకుంటే, సందులో బొగ్గుల పొగ, ఓడల కూత, పెరట్లో బండ మీద ఆరిన సబ్బు వాసన అన్నీ ఒక్కసారి వచ్చేస్తాయి. అప్పుడప్పుడు అనుకుంటాను, మావయ్య ఆ సోమవారం వెళ్లి ఉంటే ఏమయ్యేదని. ఏమీ అయ్యేది కాదేమో. ముప్ఫై ఏళ్లు గుదాం కాసి, చెక్కు చెదరకుండా రిటైరయ్యేవాడేమో. తాతయ్యకీ ఆ సంగతి తెలుసు. తెలిసే వదులుకున్నారు ఇద్దరూ. వాళ్లిద్దరి మీదా నాకున్న ప్రేమంతా ఆ వదులుకోవడం దగ్గరే ఆగి ఉంది.

తుపాకీ నేను మళ్లీ ముట్టుకోలేదు, ముట్టుకునే పనీ పడలేదు. కానీ పిల్లల్ని, మనవల్ని పెంచుతూ నాకు అర్థమైంది, అన్నిటికన్నా తేలిగ్గా నోటికొచ్చే మాట 'ఏం కాదులే' అన్నదే. ఎదుటివాళ్ల ఏడుపు మనం భరించలేక అనే మాట అది. నేను దాన్ని అనలేను. ఇంట్లో వాళ్లకి ఇది నచ్చదు, ముసలిదానికి చాదస్తం అంటారు, పిల్లల్ని భయపెడతావంటారు. అననీ.

పోయిన ఏడాది మా మనవడికి గొంతులో టాన్సిల్స్ తీశారు. లోపలికి తీసుకెళ్లే ముందు, పచ్చ గౌనులో మొహం చిన్నబుచ్చుకుని, "అమ్మమ్మా, బ్యథా అవుతాదా?" అని అడిగాడు. నొప్పికి వాడికి వచ్చిన మాట బెంగాలీదే, వాడి తెలుగు అంతే. చుట్టూ ఉన్న వాళ్లందరూ ఒక్క గొంతుతో ఏమీ అవదు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు అన్నారు. వాడు వాళ్లని వినలేదు, నా వైపే చూస్తున్నాడు.

"అవుతాది నాన్నా. లేచాక గొంతు మండుతాది, రెండు మూడు రోజులు బాగా మండుతాది. నువ్వు కళ్లు తెరిచేసరికి నేను నీ పక్కనే ఉంటాను," అన్నాను.

మా అమ్మాయి నా వైపు కోపంగా చూసింది. లేచాక వాడు ఏడవలేదని చెప్పను, గుక్కపెట్టి ఏడ్చాడు. ఏడుస్తూనే నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు, ఇంకెవరిదీ పట్టుకోలేదు.